నాలుగో జోన్ అక్క, ఆరో జోన్ తమ్ముడు

నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు ఎక్కడ చదివారు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవాళ్లెవరికీ ఈ ప్రశ్న కొత్త కాదు. మా నాన్నది బ్యాంకు ఉద్యోగం, బదిలీలు తప్పేవి కావు. ఆదోనిలో కొన్నేళ్లు ఉన్నాక తుంగభద్ర దాటి గద్వాల చేరాం. అప్పటికి అక్క ఎనిమిదో తరగతి పూర్తిచేసింది, నేను ఐదు. ఆ ఏడేళ్లలో ఎక్కువ కాలం చదివిన చోటును బట్టి అక్క కర్నూలు జిల్లా స్థానికురాలు, ఉద్యోగాల కోసం రాష్ట్రాన్ని విడదీసిన ఆరు జోన్లలో నాలుగో జోన్. నేను మహబూబ్‌నగర్ జిల్లా స్థానికుణ్ని, ఆరో జోన్. అమ్మకు ఇది ఎంతకీ మింగుడుపడలేదు. "ఒక కడుపున పుట్టిన పిల్లలకు రెండు ఊళ్లు రాశారేమిటి?" అనేది.

ఆ సర్టిఫికెట్ల కోసం పాత బడికి వెళ్లినవాళ్లకు ఆ తతంగం తెలుసు. బీరువా పైనుంచి అడ్మిషన్ రిజిస్టరు దించుతారు. అట్ట ఊడిపోయి, కుట్లు వదిలి ఉంటుంది. ఏ సంవత్సరం, ఏ నెలలో చేరావని అడిగి, గుమాస్తా వేలు పెట్టి ఒక్కో వరస వెతుకుతాడు. పేరు, తండ్రి పేరు, పుట్టుమచ్చలు, మాతృభాష, కులం, వచ్చిన బడి, వెళ్లిపోయిన తేదీ. మా వరసలో మాతృభాష గడిలో తెలుగు, దాని పై వరసలో ఉర్దూ, కింది వరసలో కన్నడం. హెడ్మాస్టరు సంతకం, గుండ్రటి ముద్ర పడ్డాక బయటికొస్తాం. ఆ కాగితం ముక్క వెనక స్థానికులకు కొలువుల్లో, చదువుల్లో వాటా ఇచ్చే 371-డి అధికరణ భారత రాజ్యాంగంలో ఉందని ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు. బడిలో రాజ్యాంగం అంటే పీఠిక కంఠస్థం చేయడం, ప్రాథమిక హక్కులు ఆరు అని రాసి మార్కులు తెచ్చుకోవడం. అంతే.

ఏటా జనవరి 26న మైకుల్లో వినిపించే మాట ఒకటుంది: మన రాజ్యాంగం ఇన్ని భాషల, మతాల, కులాల జనాన్ని ఒక్కటి చేసింది. ఎలా చేసిందని అడిగితే మాత్రం జవాబు భిన్నత్వంలో ఏకత్వం దగ్గరే ఆగిపోతుంది. నాకు అర్థమైనంతవరకు జవాబు ఆ రిజిస్టరులో ఉంది. అందరికీ ఒకే కొలత పెట్టకపోవడం వల్లే ఈ రాజ్యాంగం నిలిచింది. ఎవరి భయం వారిదని ఒప్పుకొని, ఆ భయానికి తగ్గ ఏర్పాటు రాసిచ్చింది. అలా రాసి, రాసింది పాటించిన చోట జనం కలిసి ఉన్నారు. రాసి పాటించని చోట విడిపోయారు. ఈ రెండో సంగతి తెలుగువాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

రాజ్యాంగ సభ 1946 డిసెంబరు 9న మొదటిసారి కూర్చుంది, 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఈ రెండు తేదీల మధ్య దేశం రెండు ముక్కలైంది, గాంధీజీ హత్య జరిగింది, హైదరాబాదు మీదికి సైన్యం వెళ్లింది. ఐక్యత ముందే ఉంది, దాన్ని కాగితం మీద పెడదాం అనుకునే రోజులు కావవి. ఆమోదానికి ముందు రోజు అంబేడ్కర్ చేసిన ప్రసంగంలో ఈ ఎరుక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వేల కులాలుగా చీలిన జనం ఒక జాతి ఎలా అవుతుందని సభనే అడిగాడాయన. సామాజికంగా, మానసికంగా మనం ఇంకా ఒక జాతి కాలేదని ఎంత త్వరగా గ్రహిస్తే అంత మంచిదన్నాడు. రాజ్యాంగం రాసిన మనిషే, దాన్ని చేతిలో పెడుతూ, మీరింకా ఒక్కటి కాలేదని చెప్పిన సందర్భమది. పండగ ఉపన్యాసాల్లో ఈ భాగాన్ని ఎందుకు దాటవేస్తారో ఊహించడం కష్టం కాదు.

తెలంగాణ వైపు నుంచి చూస్తే కథ ఇంకా విచిత్రం. ఆ సభలో హైదరాబాదు సంస్థానం ప్రతినిధులు లేరు. 1949 నవంబరు 23న నిజాం ఫర్మానా జారీ చేసి, తయారవుతున్న భారత రాజ్యాంగమే హైదరాబాదుకూ వర్తిస్తుందని ప్రకటించాడు. అంటే కోటిన్నరకు పైగా జనానికి ప్రజాస్వామ్య రాజ్యాంగం ఒక రాజుగారి ఆజ్ఞ ద్వారా అందింది. ఆ సమయానికి నల్లగొండ, వరంగల్ పల్లెల్లో సాయుధ పోరాటం నడుస్తూనే ఉంది. నిజాం మీద మొదలై, తర్వాత భారత సైన్యంతోనూ సాగిన పోరాటమది. 1951 అక్టోబరులో దాన్ని విరమించారు. కొద్ది నెలల్లో తొలి సాధారణ ఎన్నికలు వచ్చాయి. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో ఆ నాయకులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నిలబడ్డారు. నల్లగొండ నుంచి లోక్‌సభకు పోటీచేసిన రావి నారాయణరెడ్డికి సాక్షాత్తూ నెహ్రూకు వచ్చినవాటి కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి.

నిన్నటిదాకా ప్రభుత్వంతో తలపడిన పోరాటానికి నాయకత్వం వహించిన మనిషి, దేశ ప్రధానిని ఓట్లలో మించి, అదే ప్రభుత్వం నడిచే సభలో వచ్చి కూర్చున్నాడు. రాజ్యాంగం జనాన్ని కలపడమంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే పీఠిక చూపించను, ఈ ఎన్నిక చూపిస్తాను. ఆయన రాజ్యాంగాన్ని ప్రేమించాలని ఎవరూ షరతు పెట్టలేదు. వెట్టిచాకిరీ చేసిన మనిషి ఓటుకూ దొర ఓటుకూ ఒకే విలువ కట్టారు, ఆ ఒక్కటీ చాలింది. ఆ ఓటు వేయడానికి అక్షరం రావాలన్న నియమం లేదు, పన్ను కట్టి ఉండాలన్న నియమం లేదు. బ్రిటిషు కాలంలో ఈ రెంటికీ ముడిపెట్టే ఓటుహక్కు ఇచ్చేవారు. ముప్ఫై ఐదేళ్ల తర్వాత మిజోరంలోనూ ఇదే జరిగింది. 1966లో తిరుగుబాటు లేవదీసిన లాల్‌డెంగా 1986 ఒప్పందం తర్వాత అదే రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు.

ఇక భాష సంగతి. ఇక్కడ రాజ్యాంగకర్తలు భయపడ్డారు, ఆ భయం న్యాయమైనదే. 1948లో ధార్ కమిషన్ భాషే ప్రధానమైన ప్రాతిపదికగా రాష్ట్రాలు ఏర్పాటు చేయడం దేశానికి మంచిది కాదంది. తర్వాత నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్య కూర్చున్న సంఘం 1949లో ఇచ్చిన నివేదిక కూడా ఆచితూచి మాట్లాడింది. ఆంధ్రుల విషయం చూడవచ్చు గాని మదరాసు నగరం మీద ఆశ వదులుకోవాలంది. మతం పేరుతో దేశం చీలిన రెండేళ్లకే భాష పేరుతో గీతలు గీయడమంటే ఎవరికైనా గుండె దడ. రాజ్యాంగంలో భాషా రాష్ట్రాల ఊసే లేదు. కానీ మూడో అధికరణ ఉంది. పార్లమెంటు మామూలు చట్టంతో కొత్త రాష్ట్రాన్ని ఏర్పాటు చేయవచ్చు, సరిహద్దులు మార్చవచ్చు, పేరు మార్చవచ్చు. నాలుగో అధికరణ ప్రకారం దాన్ని రాజ్యాంగ సవరణగా కూడా లెక్కించరు. కుట్లు విప్పి మళ్లీ కుట్టుకోవడానికి వీలుగా అంచుల్లో గుడ్డ వదిలే దర్జీ పనితనం ఇది.

ఆ గుడ్డను మొదట వాడుకున్నది మనమే. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మదరాసులో నిరాహార దీక్షకు కూర్చుని డిసెంబరు 15న ప్రాణం వదిలాడు. ఆంధ్ర జిల్లాలు అట్టుడికాయి, కాల్పుల్లో జనం చనిపోయారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ప్రకటన చేశాడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. ఒక మనిషి చనిపోయేదాకా కదలని వ్యవస్థను నేను మెచ్చుకోలేను. కాని కదలాల్సి వచ్చినప్పుడు రాజ్యాంగం తిరగరాయాల్సిన పని పడలేదన్నది నిజం. మూడేళ్లలో, 1956 నవంబరు 1న, దేశపటమంతా ఇదే దారిలో మారింది.

అదే 1956లో సింహళమొక్కటే అధికార భాష అని శ్రీలంక చట్టం చేసింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ దేశం ఏ మంటల్లో పడిందో తెలిసిందే. పాకిస్తాన్‌లో ఉర్దూ ఒక్కటే రాజభాష అని 1948లో ఢాకా వెళ్లి మరీ జిన్నా చెప్పాడు. 1952 ఫిబ్రవరి 21న అదే ఊళ్లో బెంగాలీ కోసం విద్యార్థులు తూటాలకు బలయ్యారు. 1956 నాటికి బెంగాలీకీ గుర్తింపు ఇచ్చారు గాని, పడమటి రాష్ట్రాలన్నింటినీ కలిపి ఒకే ముద్ద చేసి, తూర్పు పాకిస్తాన్‌కు ఉన్న జనబలాన్ని దానితో సరితూచారు. 1971లో దేశమే చీలింది. భాషకు చోటిస్తే దేశం ముక్కలవుతుందని మనవాళ్లు భయపడ్డారు. చోటివ్వని దేశాలకు ఏమైందో మన ఇరుగుపొరుగే చూపించింది.

మనం మాత్రం అన్నీ సవ్యంగా చేశామా అంటే, అదీ లేదు. హిందీ విషయంలో రాజ్యాంగ సభ దాదాపు చీలిపోయేంత పనైంది. మొత్తం భారతం కావాలో హిందీ భారతం కావాలో తేల్చుకోవాల్సింది యూపీ మిత్రులేనని టి.టి. కృష్ణమాచారి సభలోనే అన్నాడు. చివరికి 1949 సెప్టెంబరు 14న రాజీ కుదిరింది. దేవనాగరి లిపిలో హిందీ కేంద్రానికి అధికార భాష, పదిహేనేళ్లు ఇంగ్లీషు కూడా కొనసాగుతుంది. జాతీయ భాష అన్నది ఎక్కడా రాయలేదు. అయినా మా బడి గోడ మీద హిందీ మన జాతీయ భాష అని పెద్ద అక్షరాలతో ఉండేది, ఇప్పటికీ ఎన్నో గోడల మీద ఉంది. గడువు ముగిసే 1965లో మదరాసు రాష్ట్రం భగ్గుమంది. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి హామీలిచ్చాడు. 1967లో చట్టం సవరించి, హిందీయేతర రాష్ట్రాలు ఒప్పుకొనేదాకా ఇంగ్లీషు ఉంటుందని రాశారు. అంటే పదిహేనేళ్ల గడువు పెట్టిన తగాదాను నిరవధికంగా వాయిదా వేశారు. ఇలాంటి వాయిదాను పిరికితనమనేవాళ్లున్నారు. నాకది లోకజ్ఞానంలా కనిపిస్తుంది.

రాష్ట్రాల సరిహద్దు గీసినప్పుడల్లా గీతకు అవతల కొందరు మిగిలిపోతారు. ఆదోని మొదట బళ్లారి జిల్లాలోది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, మిగతా జిల్లా మైసూరుకు వెళ్లింది. బళ్లారిలో తెలుగువాళ్లు, ఇటువైపు కన్నడిగులు మిగిలారు. ఆదోనిలో మా వీధి చివర కన్నడ మాధ్యమం బడి ఉండేది. అక్కడి పంతుళ్లూ ఆంధ్ర ప్రభుత్వ జీతగాళ్లే, పాఠం మాత్రం కన్నడంలో. తరగతిలో పది మందో, బడిలో నలభై మందో ఆ భాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పే పంతులును పెట్టాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు అనుకున్నారు. 1956లో 350-ఎ అధికరణ చేర్చి, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే ప్రయత్నం ప్రతి రాష్ట్రమూ చేయాలన్నారు. ఆదోని బడిలో ఇది పనిచేసింది. తమిళనాడులోని హోసూరు వైపు తెలుగు బడుల గురించి అదే మాట ధైర్యంగా చెప్పలేను. 2006లో తమిళనాడు తమిళాన్ని తప్పనిసరి చేసినప్పుడు, మినహాయింపు కోసం అక్కడి భాషా అల్పసంఖ్యాకులు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. మన తెలుగు ప్రభుత్వాలు మన గడ్డ మీద ఉర్దూ, కన్నడ, ఒడియా, గోండి పిల్లలకు ఎంత చేస్తున్నాయని అడిగాకే హోసూరు కోసం మాట్లాడటం న్యాయం.

ఇప్పుడు 371 దగ్గరికి వద్దాం. ఇదొక అధికరణల కుటుంబం. 371-ఎ నాగాలది: వారి మత, సామాజిక ఆచారాలు, సంప్రదాయ న్యాయం, భూమి యాజమాన్యం విషయంలో పార్లమెంటు చేసిన చట్టం నాగాలాండ్ శాసనసభ ఒప్పుకుంటేనే అక్కడ వర్తిస్తుంది. 371-ఎఫ్ సిక్కింది, 371-జి మిజోరంది. వీటిని ఈశాన్యం వాళ్లకిచ్చిన వరాలుగా చూడటం అలవాటైపోయింది. కాని నిజాం రాజ్యం పటం తీసి పక్కన పెట్టండి. 1956లో ఆ రాజ్యం మూడు ముక్కలై మూడు భాషల రాష్ట్రాల్లో కలిసింది. మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో చేరితే, దాని అభివృద్ధి బోర్డు మాట 371(2)లోకి వచ్చింది. తెలంగాణ ఆంధ్రతో కలిస్తే, ప్రాంతీయ సంఘం 371లోకి, తర్వాత 371-డి వచ్చాయి. బీదర్, కలబురగి, రాయచూరు కర్ణాటకలో కలిశాయి, అవి 2012 దాకా ఆగి 98వ సవరణతో 371-జె తెచ్చుకున్నాయి. ఒకే భాష మాట్లాడేవాళ్లను కలిపితే చాలు, మిగతావన్నీ సర్దుకుంటాయన్న నమ్మకం మూడు చోట్లా వీగిపోయింది. నిజాం కింద ఉన్న జనం చదువులో, కొలువుల్లో వెనకబడి వచ్చారు. భాష ఒకటే అయినా భయాలు వేరు. ఆ తేడాను మూడు చోట్లా రాజ్యాంగమే మోయాల్సి వచ్చింది.

తెలంగాణ విషయంలో ఆ మోత ఎలా సాగిందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో తెలంగాణను అప్పుడే కలపవద్దంది. 1961 ప్రాంతంలో వచ్చే ఎన్నికల తర్వాత, హైదరాబాదు శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరితే కలపమంది. ఆగలేకపోయారు. 1956 ఫిబ్రవరి 20న రెండు ప్రాంతాల నాయకులు పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడై ఉండాలన్నది అందులో ఒకటి. మొదటి మంత్రివర్గంలోనే ఆ మాట గాలికి పోయింది. పెద్దమనుషుల మాటకు కోర్టులో పూచీ లేదు. ఉద్యోగాల్లో ముల్కీలకే, అంటే స్థానికులకే, చోటన్న నిజాం నాటి నియమం పేరుకు ఉంది, దొడ్డిదారి నియామకాలూ ఉన్నాయి. 1969లో తెలంగాణ రగిలింది. 1972 అక్టోబరులో ముల్కీ నియమాలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అనగానే ఈసారి ఆంధ్ర జిల్లాలు రగిలాయి. మా సొంత రాజధానిలో మేం పరాయివాళ్లమా అన్నది ప్రత్యేక ఆంధ్ర కోరిన జై ఆంధ్ర నినాదం వెనక ఉన్న రోషం. ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు దిగిపోయాడు, రాష్ట్రపతి పాలన వచ్చింది.

1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, దాని వెంట 32వ రాజ్యాంగ సవరణ, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ముల్కీ నియమాలు పోయాయి. రాష్ట్రమంతటినీ జిల్లాలుగా, ఆరు జోన్లుగా విడదీసి, జిల్లా స్థాయి చిన్న కొలువుల్లో 80 శాతం, జోన్ స్థాయివాటిలో 70, కొన్ని గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం స్థానికులకన్నారు. నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి, ఏ ప్రాంతాన్నీ వేలెత్తి చూపకపోవడం. శ్రీకాకుళం వాడికి నెల్లూరులో స్థానికత లేదు, చిత్తూరు వాడికి కృష్ణా జిల్లాలో లేదు. తెలంగాణ భయానికి పుట్టిన మందును అందరికీ పంచి, అవమానం లేకుండా చేశారు. పుట్టుకను గాని, వంశాన్ని గాని అడగకుండా, ఏ బడిలో చదివావని అడిగారు. బదిలీ మీద వచ్చిన బ్యాంకు గుమాస్తా కొడుకు గద్వాలలో ఐదేళ్లు చదివితే గద్వాల వాడే. అమ్మకు ఇదంతా చెప్పి ఒప్పించలేకపోయాను గాని, స్థానికతను రక్తంతో కాకుండా రిజిస్టరుతో కొలవడం చిన్న విషయమని నేననుకోను. దేశంలో చాలా చోట్ల ఇప్పటికీ ఈ లెక్క రక్తంతోనే నడుస్తోంది.

ఈ రాజీ ఎవరినీ పూర్తిగా మెప్పించలేదు. అమలు చేసి ఉంటే అదేమంత లోపం కాదు. అమలే జరగలేదు. ఉత్తర్వులకు విరుద్ధంగా తెలంగాణ జోన్లలో చేరిన స్థానికేతరులను వెనక్కి పంపాలని 1985 డిసెంబరులో 610 జీవో ఇచ్చారు. ఒక ప్రభుత్వం తన రాజ్యాంగాన్ని తానే పాటించలేదని ఒప్పుకున్న పత్రమది. ఆ జీవో కూడా ఏళ్ల తరబడి దుమ్ము కొట్టుకుంది. ప్రత్యేక ఏర్పాట్లు వేర్పాటును పెంచుతాయని వాదించేవాళ్లు తెలంగాణను ఉదాహరణ చూపిస్తుంటారు: 371-డి ఇచ్చారు, అయినా విడిపోయారు కదా అని. కథను తలకిందులుగా చదవడమంటే ఇదే. ఒప్పందం తెచ్చిన కోపం కంటే, మాట తప్పడం తెచ్చిన కోపం ఎన్నో రెట్లు ఎక్కువ. 610 జీవోను నిక్కచ్చిగా అమలు చేసి ఉంటే 2014 వచ్చేది కాదని నేను ఢంకా బజాయించను. అది వచ్చినప్పుడు అంత చేదుగా వచ్చేది కాదని మాత్రం అంటాను.

2014 చేదు గురించి రెండు వైపులా స్నేహితులున్నవాడిగా చెబుతున్నాను. తెలంగాణ కోరిక న్యాయమైనది. దాన్ని నెరవేర్చిన తీరు మంచిది కాదు. జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. మూడో అధికరణ ప్రకారం రాష్ట్ర అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోనక్కర్లేదు. ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు, 18న తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆపి బిల్లు నెగ్గించారు. అరవై ఏళ్ల కాపురం తెగుతుంటే ఎనిమిదిన్నర కోట్ల మందికి చూసే అవకాశం కూడా ఇవ్వలేదు. రాజ్యాంగం అక్షరం తప్పలేదు. కాని ఎదుటివాడి మాట చివరిదాకా విని, ఓడినవాడు కూడా లెక్క సరిగానే జరిగిందని అనుకునేలా నడిపినప్పుడే పద్ధతి జనాన్ని కలుపుతుంది. మూడో అధికరణ తేలిగ్గా ఉండటం 1953లో మనకు కలిసొచ్చింది, 2014లో అదే తేలికతనం గాయం చేసింది. రాష్ట్రాన్ని చీల్చడానికి ఆ శాసనసభ సమ్మతి, కనీసం సంబంధిత ప్రాంతపు ఎమ్మెల్యేల సమ్మతి అవసరమని దాన్ని సవరించాలి. ఆ నియమం ఉన్నా తెలంగాణ వచ్చేది, ఆ ప్రాంతపు ఎమ్మెల్యేలు పార్టీలకు అతీతంగా దాని వెంటే ఉన్నారు కాబట్టి.

అయినా తర్వాత జరిగింది చూడండి. విభజన చట్టంలోనే 371-డిని సవరించి రెండు రాష్ట్రాలకూ వర్తింపజేశారు. హైకోర్టు 2019 జనవరి 1న వేరైంది. కృష్ణా నీళ్ల తగవు ట్రిబ్యునల్ ముందు నానుతోంది. 2023 నవంబరు చివర నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలిచారు, ఆంధ్ర పోలీసులు సగం గేట్లు పట్టుకున్నారు. చివరికి కాపలా కేంద్ర బలగాల చేతికి వెళ్లింది, పంచాయితీ ఢిల్లీకి చేరింది. లోకంలో చాలా చోట్ల ఇలాంటి దృశ్యం యుద్ధానికి మొదటి రోజు అవుతుంది. ఇక్కడ రెండు రాష్ట్రాల ఇంజినీర్లు ఫైళ్లు పట్టుకుని సమావేశానికి వెళ్లారు.

ప్రాంతాలను, భాషలను ఇంత ఓపికగా కలుపుకొచ్చిన ఈ రాజ్యాంగం ఊరినీ వాడనూ కలపలేకపోయింది. అంబేడ్కర్ ఆ చివరి ప్రసంగంలో అడిగింది కులం గురించి. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసి మూడున్నర దశాబ్దాలైనా 1985 జులైలో కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాక కూడా 1991 ఆగస్టులో చుండూరులో మళ్లీ అదే జరిగింది. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఈ తేడా ఎందుకు? ప్రాంతానికి శాసనసభ ఉంది, పార్టీ ఉంది, బందు పిలుపునిచ్చే బలం ఉంది. మాట తప్పితే అవతలివాడికి నొప్పి కలిగించగలదు. వాడకు ఆ బలం లేదు. ఉన్నదల్లా ఓటు, రిజర్వేషన్, కోర్టు. వాటితోనే ఎంతో దూరం వచ్చారు గాని, ఊరు తన మాట నిలబెట్టుకునేలా చేసే శక్తి ఇంకా చేతికి రాలేదు. రాజ్యాంగం దేశాన్ని ఒక్కటి చేసిందని ఉపన్యాసమిచ్చే ముందు, తమ ఊళ్లో శ్మశానాలు ఎన్ని ఉన్నాయో చూసి రమ్మని వక్తలను కోరాలనిపిస్తుంది.

ఇక ముందున్న పరీక్ష లోక్‌సభ సీట్లది. జనాభాను బట్టి రాష్ట్రాలకు సీట్లు పంచాలని 81వ అధికరణ చెబుతుంది. 1976లో 42వ సవరణతో 1971 జనాభా లెక్కల దగ్గర దాన్ని ఆపేశారు. 2001లో 84వ సవరణ ఆ ఆపుదలను 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించింది. ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17, కలిపి 543లో మన వాటా 42. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాల బలం తగ్గి, చేయనివాటి బలం పెరుగుతుందన్నది దక్షిణాది భయం. నా వాదనకు ఇది గట్టి చిక్కే. రావి నారాయణరెడ్డి ఎన్నికను అంత మెచ్చుకున్నది దొర ఓటుకూ వెట్టివాడి ఓటుకూ ఒకే విలువన్నందుకు. ఇప్పుడు బీహార్ ఓటరు విలువ నల్లగొండ ఓటరు విలువలో కొంతే ఉండాలని ఏ ముఖంతో అడగాలి? సీట్లు ఎప్పటికీ ఆపేయమనడం నాకు న్యాయంగా కనిపించదు. ఉన్నపళంగా తలల లెక్కతో పంచేయమనడం అంతకంటే ప్రమాదకరం.

దారి రాజ్యసభలో ఉంది. రాష్ట్రాల సభ అని దానికి పేరు, పంపకం మాత్రం అక్కడా చాలావరకు జనాభాను బట్టే: ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7. ఏ రాష్ట్రం నుంచి ఎన్నికవుతున్నారో ఆ రాష్ట్రంలో నివాసం ఉండాలన్న నియమాన్ని కూడా 2003లో తీసేశారు. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ ఇద్దరేసి సెనేటర్లున్నట్టు పూర్తి సమానత్వం మనకు కుదరకపోవచ్చు. పెద్ద రాష్ట్రాలకు గరిష్ఠ పరిమితి పెట్టి, చిన్నవాటికి కనీస సంఖ్య పెంచి, నివాస నియమాన్ని తిరిగి తెస్తే లోక్‌సభలో తలల లెక్కకు రాజ్యసభలో రాష్ట్రాల లెక్క సరితూగుతుంది. పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యాన్ని మార్చే సవరణకు కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు ఒప్పుకోవాలని 368 అధికరణలో ఇప్పటికే ఉంది, కాబట్టి బేరానికి బల్ల సిద్ధంగానే ఉంది. ఈ రెండు మార్పులూ ఒకే బిల్లులో రావాలి. లోక్‌సభ సీట్ల సంగతి ఇప్పుడు తేల్చుకుందాం, రాజ్యసభ మాట తర్వాత చూద్దాం అంటే మాత్రం అది ఇంకో పెద్దమనుషుల ఒప్పందం అవుతుంది. అప్పుడు రెండు రాష్ట్రాల 42 మంది ఎంపీలూ పార్టీ విప్‌ను పక్కనపెట్టి దానికి అడ్డంగా ఓటెయ్యాలి.